22 కార్లు, ఒక ట్రాక్: బుద్ధ్ అనుకున్నవాళ్లం మద్రాస్‌కి ఎందుకు వెళ్లాం

హైదరాబాద్‌లో పవర్ ఎక్కువున్న కార్లు నడిపే కొందరు ఓనర్లు ఒక గ్రూపుగా ఉన్నారు. గుంటూరు, విజయవాడ, నెల్లూరు వాళ్లూ అందులో ఉన్నారు. డ్రైవింగ్ శిక్షణ ఇవ్వడం, సొంత కార్లను రేసు ట్రాక్ మీద నడిపే ట్రాక్ డేలు ఏర్పాటు చేయడం నా పని. తమకు ఒక పూర్తి రోజు ట్రాక్ డే చేసిపెట్టమని వాళ్లు నన్ను అడిగారు. అడిగేటప్పుడే ట్రాక్ పేరు కూడా చెప్పేశారు: గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. చివరికి మేం వెళ్లింది చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ట్రాక్‌కి. ఏ లెక్కలు చూసి ఆ నిర్ణయానికి వచ్చామో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి ఆలోచనలో ఉన్న వేరే గ్రూపులకు పనికొస్తుందని నా నమ్మకం.

ముందు మనుషులు, కార్ల సంగతి. మొత్తం 22 కార్లు. పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్, వర్టస్ జీటీ, స్లావియా లాంటి తేలికపాటివి కొన్ని. పాత ఆక్టేవియా ఆర్ఎస్ ఒకటి, కొత్తవి రెండు. మినీ కూపర్ ఎస్, ఒక పోర్షే 718, ఇంకా 350 హార్స్‌పవర్ దాటిన బరువైన సెడాన్లు. 22 మందిలో ఇంతకుముందు ట్రాక్ మీద కారు నడిపినవాళ్లు ఐదుగురే. మిగతావాళ్ల అనుభవమంతా అవుటర్ రింగ్ రోడ్డు, హైవేలు. 158 కిలోమీటర్ల ఆ రింగు రోడ్డు మీద గరిష్ఠ వేగం 120. వాళ్ల కార్లు అంతకంటే చాలా వేగంగా పోగలవు. ఆ వేగం కోసం రోడ్డు మీద ప్రయోగాలు చేయకుండా, సరైన చోటు కావాలని వాళ్లే అడగడం నాకు నిజంగా సంతోషం కలిగించింది.

కానీ జాబితా చూడగానే ఒక విషయం కనిపించింది. అన్నిటికంటే బరువైన, అన్నిటికంటే వేగమైన కార్లు ట్రాక్‌కి పూర్తిగా కొత్తవాళ్ల దగ్గర ఉన్నాయి. ట్రాక్ ఎంపికలో నేను మొదట చూసేది ఇదే. గ్రూపులో బాగా నడిపేవాళ్లకు ఏ ట్రాకైనా సరిపోతుంది. 1,800 కేజీల కారులో మొదటిసారి వచ్చిన మనిషి బ్రేకు ఆలస్యంగా వేస్తే ఆ కారు ఎక్కడికి పోతుంది, ఎంత వేగంతో పోతుంది, అతని దగ్గరికి అంబులెన్స్ ఎంతసేపట్లో వెళుతుంది అన్నదాన్ని బట్టే నేను ట్రాక్‌ని తూకం వేస్తాను.

బుద్ధ్ మీద మోజు

"అన్నా, జీవితంలో ఒక్కసారైనా ఫార్ములా వన్ నడిచిన ట్రాక్ మీద నడపాలి కదా" అన్నాడు గ్రూపులో అందరికంటే చిన్నవాడు. ఆ కోరికలో తప్పేమీ లేదు. 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు అక్కడ ఇండియన్ గ్రాండ్ ప్రీ జరిగింది. మూడుసార్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. 2023లో మోటోజీపీ కూడా వచ్చింది. హెర్మన్ టిల్కే గీసిన 5.125 కిలోమీటర్ల ట్రాక్, 16 మలుపులు, ఎత్తుపల్లాలు. మన దేశంలో తారు వేసిన విశాలమైన రన్-ఆఫ్ ఉన్న ట్రాక్ అంటే మొదట గుర్తొచ్చేది అదే. ట్రాక్ తప్పిన కారు ఆగడానికి అంత చోటు దొరకడం మామూలు విషయం కాదు. కాబట్టి ట్రాక్ కట్టిన తీరులో భద్రత తక్కువని బుద్ధ్‌ని పక్కన పెట్టాననుకుంటే పొరపాటు.

నన్ను ఆపింది బ్రేకులు. మూడో మలుపు నుంచి నాలుగో మలుపు దాకా కిలోమీటరు పైన స్ట్రెయిట్, అంటే మలుపు లేని తిన్నని దారి ఉంది. దాని చివర గట్టిగా బ్రేకు వేసి బిగుతైన మలుపు తిరగాలి. షోరూం నుంచి వచ్చిన సెడాన్ కూడా అక్కడ 200 దాటుతుంది. డ్రైవర్‌తో కలిపి 1,800 కేజీల కారును 200 నుంచి 70కి తగ్గించాలంటే బ్రేకులు దాదాపు 24 లక్షల జౌళ్ల శక్తిని వేడిగా మింగాలి. మామూలు ఉష్ణోగ్రతలో ఉన్న ఎనిమిది లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి అది. అదంతా నాలుగైదు సెకన్లలో నాలుగు డిస్కుల మీద పడుతుంది. అదే కారును 150 నుంచి 70కి తగ్గిస్తే సరిగ్గా సగం, 12 లక్షల జౌళ్లు. వేగం మూడో వంతు పెరిగితే వేడి రెట్టింపయింది. ల్యాపు ల్యాపుకీ ఇదే పని. పైగా బుద్ధ్‌లో గట్టిగా బ్రేకు వేయాల్సిన చోటు అదొక్కటే కాదు.

ఆ గ్రూపులో బ్రేక్ ప్యాడ్లు మార్చినవాళ్లు చాలా తక్కువ. ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారని అడిగితే సగం మంది సర్వీస్ బుక్కు వెతుక్కున్నారు. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమను పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఫ్లూయిడ్ మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ నేలకు ఆనుతుంది, కారు ఆగదు. అనుభవం ఉన్నవాళ్లు పెడల్ కాస్త మెత్తబడగానే పసిగట్టి నెమ్మదిస్తారు. కొత్తవాళ్లు ఇంకా గట్టిగా తొక్కుతారు.

రెండోది దూరం. హైదరాబాద్ నుంచి గ్రేటర్ నోయిడా 1,500 కిలోమీటర్ల పైమాటే. కారు నడుపుకుంటూ వెళితే నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా రెండు రోజులు పోను, రెండు రోజులు రాను. ట్రాక్ మీద ఒక రోజు గడిపిన కారుకు ప్యాడ్లు అరిగిపోయి ఉంటాయి, టైర్ల భుజాలు చిరిగి ఉంటాయి. ఆ స్థితిలో మళ్లీ రెండు రోజుల హైవే ప్రయాణానికి నేను ఒప్పుకోను. కంటైనర్ లారీలో పంపవచ్చు కానీ 22 కార్లకు ఆ ఖర్చు ట్రాక్ అద్దెను మించిపోతుంది.

మూడోది ఎవరూ ఊహించని అడ్డంకి. వాళ్లు అనుకున్నది చలికాలం. ఆ రోజుల్లో అక్కడ తెల్లవారుజామున పొగమంచు ఉంటుంది. సెషన్లు ఎప్పుడు మొదలవుతాయో ఎవరూ చెప్పలేరు. గాలి కాలుష్యం పెరిగి గ్రాప్ (ఢిల్లీ ప్రాంతపు కాలుష్య నియంత్రణ ప్రణాళిక) మూడో దశ ఆంక్షలు పెడితే పాత పొగ ప్రమాణాలైన బీఎస్-3 పెట్రోలు కార్లు, బీఎస్-4 డీజిల్ కార్లు గౌతమ్ బుద్ధ్ నగర్ జిల్లాలో తిరగకూడదు. గ్రేటర్ నోయిడా ఆ జిల్లాలోనిదే. దానికి తోడు రాజధాని ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద నిషేధం గొడవ ఒకటి. పాత ఆక్టేవియా ఆర్ఎస్ గుంటూరు డాక్టరు గారిది. "నా బండి లేకుండా నేనెందుకండీ రావడం" అన్నారాయన. ఆ మాటకు మీటింగులో చర్చ మారిపోయింది. గ్రూపులో ఆ కారును ప్రేమించని మనిషి లేడు.

మిగతా పేర్లు

కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ఉన్న కరి మోటార్ స్పీడ్‌వే నాకు చాలా ఇష్టమైన ట్రాక్. మన దేశంలో సామాన్యులకు కూడా రేసింగ్ కారు అందుబాటులోకి తెచ్చిన ఎస్. కరివర్ధన్ పేరు మీద 2003లో మొదలైంది. 2.1 కిలోమీటర్లు. చిన్నది, బిగుతైనది, మనిషికి ఓర్పు నేర్పే ట్రాక్. పది, పన్నెండు తేలికపాటి కార్లతో అయితే కళ్లు మూసుకుని అక్కడికే వెళ్దామనేవాణ్ని. మా లెక్క వేరు. ఒక్కో సెషన్‌లో తొమ్మిది కార్లు వదలాలి. 2.1 కిలోమీటర్లలో తొమ్మిది కార్లంటే కారుకీ కారుకీ సగటున 233 మీటర్లు. సగటు వేగం 80 అనుకుంటే పదిన్నర సెకన్ల ఎడం. మద్రాస్ ట్రాక్ పొడవు 3.717 కిలోమీటర్లు. అదే తొమ్మిది కార్ల మధ్య 413 మీటర్లు వస్తుంది. సగటు వేగం 100 అనుకున్నా 15 సెకన్ల ఎడం. కొత్త డ్రైవర్ అద్దంలో చూసి, వెనకాల ఏం వస్తుందో అర్థం చేసుకుని, చెయ్యి చూపించి దారివ్వడానికి ఆ అదనపు నాలుగైదు సెకన్లు ఎంత ముఖ్యమో పక్క సీట్లో కూర్చుని నేర్పించేవాళ్లకు తెలుసు.

మధ్యప్రదేశ్ పీతంపూర్‌లోని నాట్రాక్స్ గురించి ఒకరు అడిగారు. అక్కడి 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్ వాహనాల పరీక్షల కోసం కట్టిన వలయం. అక్కడ కారు వేగం తెలుస్తుందేగానీ మనిషి మలుపు తిప్పడం నేర్చుకోడు. 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ జరిగిన హుస్సేన్ సాగర్ సర్క్యూట్ పేరూ వచ్చింది. అది రేసు కోసం కాంక్రీటు గోడలు పెట్టి మూసిన ఊరి రోడ్డు. అలాంటిది ఒక క్లబ్బుకు దొరకదు, దొరికినా గోడల మధ్య కొత్తవాళ్లను వదలను. కోయంబత్తూరు దగ్గరే వచ్చిన కొత్త ట్రాక్ కోస్ట్ గురించి కూడా అడిగారు. నేను స్వయంగా నడిచి చూడని ట్రాక్‌కి కొత్తవాళ్లను తీసుకెళ్లే అలవాటు నాకు లేదు.

మద్రాస్ ట్రాక్‌ని నడిచి చూడటం

మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఒకప్పుడు షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిపేది. ఆ తరం వాళ్లు ఆ రోజుల గురించి ఇప్పటికీ మెరిసే కళ్లతో చెబుతారు. తర్వాత క్లబ్ సొంతంగా ఈ ట్రాక్ కట్టింది. 1990 నుంచి నడుస్తోంది. పన్నెండు మలుపులు. ఇప్పుడు పేరు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అయినా అందరూ ఇంకా ఎంఎంఆర్‌టీ (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) అనే అంటారు. మలుపులకు పెద్ద పేర్లేమీ లేవు, సీ1, సీ2 అంటూ లెక్క.

ఈ ట్రాక్‌ని తక్కువ అంచనా వేయకూడదు. 2023లో ఇక్కడ జరిగిన జాతీయ పోటీల్లో రెండు మరణాలు సంభవించాయి. జనవరిలో కారు రేసులో ఒక సీనియర్ రేసర్, ఆగస్టులో బైకు రేసులో 13 ఏళ్ల బాలుడు. గ్రూపు మీటింగులో ఈ విషయం నేనే ముందుగా చెప్పాను. మనం చేసేది పోటీ కాదు, ఒకేసారి తిరిగే కార్లు తక్కువ, ఓవర్‌టేకింగ్ నియమాలు కఠినం. అయినా ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లకు ఆ సంగతి తెలిసి ఉండాలి.

ట్రాక్‌ని కాలినడకన చూసేటప్పుడు తారు అంచు దగ్గరే నేను ఎక్కువసేపు గడుపుతాను. తారుకీ పక్కన గడ్డికీ మధ్య ఎత్తు తేడా ఉంటే, పక్కకు జారే కారు చక్రం అక్కడ ఇరుక్కుని కారు బోల్తా పడొచ్చు. మట్టి మెత్తగా ఉన్నా అదే ప్రమాదం. తర్వాత మలుపు బయటి వైపు నిలబడి, అదుపు తప్పిన కారు తిన్నగా ఎటు వస్తుందో ఆ గీత వెంబడి నడుస్తాను. ఆ దారిలో టైర్ల గోడ ఉందా, ఆ టైర్లు ఒకదానికొకటి బిగించి ఉన్నాయా, అంబులెన్స్ అక్కడికి ఏ దారిన వస్తుంది, ఇదీ నేను చూసేది. మెయిన్ స్ట్రెయిట్ తర్వాత వచ్చే సీ1 వేగమైన కుడి మలుపు. ధైర్యం ఉన్నవాణ్ని ఊరించే మలుపు. మా కొత్తవాళ్లు అక్కడికి పూర్తి వేగంతో రావడం నాకు ఇష్టం లేదు. అందుకే మెయిన్ స్ట్రెయిట్ మధ్యలో కోన్లతో ఒక చికేన్, అంటే వేగం తగ్గించే వంకర దారి పెట్టే షరతు మీదే ట్రాక్ ఖాయం చేశాను. వేగాన్ని ఇలా మన చేతిలో పెట్టుకోవడం బుద్ధ్‌లోని కిలోమీటరు స్ట్రెయిట్ మీద కుదిరినా, అంత దూరం వెళ్లి ఆ స్ట్రెయిట్‌నే కోన్లతో ముక్కలు చేస్తే వెళ్లినవాళ్ల మనసు ఒప్పుకోదు.

ఆసుపత్రి విషయంలో మద్రాస్‌కి పెద్ద బలం ఉంది. ట్రాక్ చెన్నై–బెంగళూరు హైవేని ఆనుకుని ఉంటుంది. అదే రోడ్డు మీద తండలంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, ఇంకా ముందుకెళితే పోరూరులో మరొకటి. రెండు అంబులెన్సులు పెట్టించాం. ఒకటి ఆసుపత్రికి వెళితే అది తిరిగొచ్చేదాకా ట్రాక్ ఆగిపోకూడదు కదా. ఒకే అంబులెన్స్ ఉండి అది బయటికి వెళితే సెషన్లు ఆపేయాల్సిందే. ఖర్చు తగ్గించమని గ్రూపు అడిగినప్పుడు నేను కదలని అంశం ఇదొక్కటే.

దూరం కూడా కలిసొచ్చింది. హైదరాబాద్ నుంచి నార్కట్‌పల్లి, అద్దంకి మీదుగా ఒంగోలు, నెల్లూరు దాటి వెళితే 630 కిలోమీటర్ల చుట్టుపక్కల. ఒక రోజు ప్రయాణం. నెల్లూరు వాళ్లకైతే ఇంటి పక్క. చెన్నై ఊళ్లోకి వెళ్లకుండా అక్కడి అవుటర్ రింగ్ రోడ్డు పట్టుకుంటే నజరత్‌పేట దగ్గర బెంగళూరు హైవే ఎక్కవచ్చు.

నెల ఎంపిక

ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వానలు. ఏప్రిల్ వచ్చేసరికి ఇంజిను ఆయిలు, టైర్లు, మనుషులు ముగ్గురికీ ఎండ దెబ్బే. ఫిబ్రవరి మొదటి వారంలో ఒక పనిరోజు తీసుకున్నాం. శని, ఆదివారాలు దొరకడం కష్టం, దొరికినా అద్దె ఎక్కువ.

అద్దె అనేది రోజు మొత్తానికి ఒకటే ఉంటుంది కాబట్టి కార్లు పెరిగేకొద్దీ తలా ఖర్చు తగ్గుతుంది. దాంతో 30 కార్లు చేద్దామని ప్రతి గ్రూపులోనూ ఎవరో ఒకరు అంటారు. అలా చేస్తే తలా దక్కే సమయం కూడా తగ్గుతుంది, ఒకేసారి ట్రాక్ మీద ఉండే కార్లు పెరుగుతాయి. 22 దగ్గరే గీత గీశాం. అనుభవం ఉన్న ఐదుగురు ఒక బ్యాచ్, తేలిక కార్లతో కొత్తవాళ్లు ఎనిమిది మంది, బరువైన కార్లతో కొత్తవాళ్లు తొమ్మిది మంది. పోలో, 370 హార్స్‌పవర్ సెడాన్ ఒకే బ్యాచ్‌లో ఉంటే స్ట్రెయిట్ మీద వేగంలో తేడా చాలా ఎక్కువ. కొత్తవాళ్లకు అది భయం పుట్టిస్తుంది. గంటలో ఒక్కో బ్యాచ్‌కి 20 నిమిషాలు, అందులో నడిపేది 15. ఆరు ల్యాపులు వస్తాయి, మొదటిదీ చివరిదీ నెమ్మదిగా. రోజు మొత్తం మీద ఒక్కొక్కరికి గంటన్నర డ్రైవింగ్, సుమారు 130 కిలోమీటర్లు. వినడానికి తక్కువే. మధ్యాహ్నం మూడయ్యేసరికి చొక్కాలు తడిసిపోయి చాలనిపించింది అందరికీ.

ముందు రోజు సాయంత్రం

ఇన్సూరెన్స్ గురించి హైదరాబాద్‌లోనే ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాను. మామూలు మోటారు పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాటికి కవరేజీ ఉండదని స్పష్టంగా రాసి ఉంటుంది. ట్రాక్ మీద దెబ్బ తింటే ఖర్చు సొంత జేబులోంచే అనుకుని రావాలి. ఇది విన్నాక ఒకరు తమ పెద్ద కారు వదిలేసి భార్య నడిపే ఐ20 ఎన్ లైన్ తెచ్చారు. ఆమె కూడా వచ్చి ఉదయం సెషన్లు తనే నడిపారు. తేలిక బ్యాచ్‌లో అందరికంటే శుభ్రంగా నడిపింది ఆమే. ల్యాప్ టైమింగ్ పెట్టలేదు. గడియారం కనిపిస్తే నేర్చుకోవడం ఆగిపోయి పందెం మొదలవుతుంది.

శ్రీపెరంబుదూరు హోటల్ పార్కింగ్‌లో ప్రతి కారునూ చూశాం. కారును లాగడానికి టో హుక్ ఉందా, వీల్ నట్లు బిగుతుగా ఉన్నాయా, ప్యాడ్ల మందం ఎంత, టైర్ల తయారీ తేదీ ఏంటి. టెస్టరుతో బ్రేక్ ఫ్లూయిడ్‌లో తేమ చూస్తే నాలుగు కార్లు తప్పాయి. అందులో ఒక కారుకు రెండు వారాల క్రితమే ఫ్లూయిడ్ మార్చినట్టు వర్క్‌షాప్ బిల్లు ఉంది. ఓనరుకు కోపం వచ్చింది, రావాల్సిందే. మాతో వచ్చిన మెకానిక్ ఆ రాత్రే నాలుగింటికీ ఫ్లూయిడ్ మార్చి బ్రేకు పైపుల్లోని గాలి తీశాడు. మర్నాడు ఆ నాలుగు కార్లూ బరువైన కార్ల బ్యాచ్‌లోనే తిరిగాయి. బ్రేక్ పెడల్ మెత్తబడిందన్న ఫిర్యాదు ఒక్కటీ రాలేదు.

ఆ రోజు

ఉదయం మొదటి ల్యాపు మార్షల్ జీపుతో. ట్రాక్ మీదికి కుక్కలు రావడం మన దేశంలో మామూలే కాబట్టి అది తప్పదు. తర్వాత జెండాల పాఠం, ఓవర్‌టేకింగ్ నియమం: స్ట్రెయిట్ మీద మాత్రమే, ముందున్న కారు చెయ్యి చూపిస్తేనే. అద్దాలు దించి ఉంచాలి, హెల్మెట్, కాటన్ ఫుల్ చేతుల చొక్కా, బూట్లు.

రెండో సెషన్‌లో ఒక బరువైన సెడాన్ మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేయడంతో వెనక భాగం జారి గడ్డిలోకి తిరిగి ఆగింది. దేనికీ తగల్లేదు. పసుపు జెండా, తర్వాత ఆ కారు పిట్‌లోకి. డ్రైవర్ చేతులు వణుకుతున్నాయి. తదుపరి సెషన్ ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని, అదే మలుపు నాలుగుసార్లు నెమ్మదిగా చేయించాక ముఖంలో టెన్షన్ పోయింది. ఆయన దారి తప్పిన వేగం 90 లోపే. ఇదే తప్పు 160 వేగంలో జరిగే చోటుకి ఆయన్ని మొదటిసారి తీసుకెళ్లకపోవడమే ఈ ఎంపికలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన విషయం.

టైర్ల ప్రెషర్ ప్రతి సెషన్ తర్వాత చూశాం. ఉదయం 32 ఉన్నవి వేడెక్కి 39, 40 దాకా వెళ్లాయి. తగ్గించి నడిపించి, సాయంత్రం ఇంటిదారి పట్టే ముందు మళ్లీ నింపించాం. వేడి బ్రేకుల మీద హ్యాండ్ బ్రేక్ వేయొద్దని, గేరులో పెట్టి చక్రాలకు అడ్డం పెట్టమని చెప్పడానికి ప్యాడాక్‌లో (కార్లు ఆపుకునే చోట) ఒక మనిషినే పెట్టాం. మధ్యాహ్నం అనుభవం ఉన్న బ్యాచ్‌కి చికేన్ తీసేశాం. సీ1 వాళ్లకు అప్పుడు అసలు రుచి చూపించింది. డాక్టరు గారు కూడా ఆ బ్యాచ్‌లోనే ఉన్నారు. పాత 1.8 టర్బో ఇంజిను రోజంతా ఒక్కసారి కూడా మొరాయించలేదు.

22 కార్లూ సొంత చక్రాల మీదే తిరిగి వెళ్లాయి. రెండింటికి ముందు ప్యాడ్లు చివరికొచ్చాయి. వాటిని నెల్లూరులో మార్పించి పంపాం.

బుద్ధ్ కోరిక చచ్చిపోలేదు, చావకూడదు కూడా. అనుభవం ఉన్న ఐదుగురితో పాటు, ఇన్‌స్ట్రక్టర్లు సరేనన్న మరో ముగ్గురితో మార్చి నెలకు అక్కడ ప్లాన్ చేస్తున్నాం. అప్పటికి పొగమంచు ఉండదు, ఎండ ఇంకా ముదరదు. పాత ఆక్టేవియాకు ఇబ్బంది రాకుండా అది కంటైనర్‌లోనే ట్రాక్ గేటు దాకా వెళ్లి, కంటైనర్‌లోనే తిరిగి రావచ్చా అన్నది అక్కడి అధికారుల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకునే పనిలో ఉన్నాం. మిగతావాళ్లు వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ మద్రాస్‌కే వస్తారు. బుద్ధ్‌కి వెళ్లే ఎనిమిది కార్లకూ ట్రాక్ ప్యాడ్లు, కొత్త ఫ్లూయిడ్ వేసి, తేమ టెస్టు ఫలితం నాకు పంపాకే కంటైనర్ లారీలకు అడ్వాన్స్ ఇవ్వమని గ్రూపుకు చెప్పాను.